రేడియో ఆనతిపై ఎగురు నమూనా విమానము

నేటి నా ప్రసంగమునకు విషయము ఒక చిన్న విమానము. అందు మనుష్యు డెక్కడు. నేలమీద నిలిచినవాడు చేతిలోని పెట్టెపై నున్న రెండు మీటలను కదల్చును. అది ఆకాశమున వాని ఆనతి ననుసరించి లేచును, తిరుగును, దిగును. కొందఱు దీనిని ఆటవస్తు వందురు. అట్లనుటలో తప్పు లేదు, గాలిపటమును ఆటయే. కాని దారము తెగిన గాలిపటము ఏ చెట్టుననో చిక్కుకొని యూరకుండును. ఈ విమాన మదుపు తప్పెనా, రెండున్నర కిలోగ్రాముల బరువు గంటకు 50 కిలోమీటర్ల వేగముతో ఎవరి నెత్తిమీదనైనను పడవచ్చును. పది మీటర్ల కొబ్బరిచెట్టు కొననుండి అంత బరువుగల రాయి పడిన దెబ్బ యెట్టిదో, ఈ దెబ్బయు నట్టిదే. కావున దీనిని ఎట్లు చేయవలెనను ప్రశ్న ఉత్త వేడుక ప్రశ్న కాదు.

ఈ సంగతి గ్రామపెద్దలైన మీకు చెప్పుటకు కారణ మున్నది. పట్టణములలో చదువుకొను యువకులు సెలవులకు వచ్చి, కోత కోసిన పొలమున ఇట్టి విమానమును ఎగురవేసెదమని మీ యనుమతి కోరు దినములు వచ్చినవి. ఔనన్నను కాదన్నను, దాని మర్మము కొంత యెఱిగి చెప్పిన మాటకు విలువ యుండును. నేను పెక్కేండ్లుగా ఈ విద్యను అభ్యసించుచున్నాను. నాకు తెలిసినంతలో దీని సారాంశ మిది: విమానము పడుట ఆకాశమున కనబడును గాని, పడునో పడదో అను తీర్పు చాలవఱకు వడ్రంగిబల్ల మీదనే జరిగిపోవును. బరువు, తిన్నదనము, పైతొడుగు అను మూడింటిపై ఆ తీర్పు నిలిచియున్నది.

ఎగురు నమూనాలు రెండు తెగలు. మొదటి తెగకు ఎగురుట యొక్కటే పని. చేయువాని సౌకర్యమును బట్టి వానికి రూప మేర్పడును. రెండవ తెగవి నిజముగా నున్న యొక పెద్ద విమానమును చూచి, దాని కొలత లన్నిటిని ఒకే పాలున తగ్గించి చేసినవి. వీనిని నిజరూప నమూనాలని చెప్పవచ్చును. నేను దృష్టాంతముగా తీసికొనునది అమెరికాదేశపు జె-3 కబ్ అను విమానము. పెన్సిల్వేనియా రాష్ట్రమున లాక్ హేవెన్ పట్టణములో పైపర్ సంస్థవారు దీనిని 1938 మొదలు 1947 వఱకు నిర్మించిరి. పసుపుపచ్చని మేను, ప్రక్కను నల్లని మెఱుపుగీత, ఒకరి వెనుక నొకరుగా ఇద్దరు కూర్చుండు గది, 65 గుఱ్ఱముల బలముగల చిన్న యంత్రము, ఇవి దాని గుఱుతులు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున వేలకొలది యువకులు దీనిపై విమానవిద్య నేర్చిరి. దీని మొండెము ఉక్కుగొట్టముల యస్థిపంజరము. దానికి చర్మము నూలుగుడ్డ. రెక్కమీద గుడ్డక్రింది పక్కటెముకలు బక్కయెద్దు డొక్కలవలె వరుసగా కనబడును. పెద్ద విమానమే గుడ్డతో కప్పబడినది గనుక, చిన్నదానిని గుడ్డతో కప్పుట దాని నిజరూపమునకు తగియున్నది.

దీనిని ఆఱవ పాలున చేయుదమనుకొందము. రెక్కల కొనకు కొన పెద్దదానికి 10.74 మీటర్లు, చిన్నదానికి 1.79 మీటర్లు. పొడవు 6.83 మీటర్లకు 1.14 మీటర్లు. ఇంతవఱకు భాగహారమే. బరువు దగ్గఱకు వచ్చునప్పటికి లెక్క మాఱును. ఒక ఇటుక యొక్క పొడవు, వెడల్పు, మందము మూడును ఆఱవ పాలు చేసినచో, దాని పైముఖము వైశాల్యము 36వ పాలగును, బరువు 216వ పాలగును. పెద్ద కబ్ మనుష్యులతోను ఇంధనముతోను కలిసి సుమారు 550 కిలోగ్రాముల బరువుతో ఎగురుట కనుమతింపబడినది. దానిలో 216వ పాలు రెండున్నర కిలోగ్రాములు. మన చిన్నవిమానము నకు ఇదియే గట్టు. మోటారు, బ్యాటరీ, చక్రములు, రంగు, తుదకు జిగురుచుక్కతో సహా సర్వమును ఈ గట్టులోపల నుండవలెను.

ఈ గట్టు దాటిన నష్టమేమి? పెద్ద కబ్ గంటకు సుమారు 60 కిలోమీటర్లకంటె తగ్గినచో గాలి దానిని మోయజాలదు. మన నమూనా రెండున్నర కిలోలలో నిలిచినచో దాని కనీసవేగము 25 కిలోమీటర్ల దగ్గఱ నుండును. నెమ్మదిగా దిగును, నడపువానికి ఆలోచించుకొను వ్యవధి యిచ్చును. అదే విమానము అయిదు కిలోలైనచో కనీసవేగము 35కు పెరుగును. బరువు రెండింతలు, వేగముయొక్క వర్గము రెండింతలు; కావున నేలను గాని మనుష్యుని గాని తాకినపుడు దెబ్బ నాలుగింతలు. బరువును రెట్టించినవాడు ప్రమాదమును నాలుగు రెట్లు చేసినవాడని మీరు జ్ఞాపకముంచుకొనిన చాలును.

అందుచేత నేను పని మొదలుపెట్టక మునుపే, సంసారి జమాఖర్చు వ్రాసికొనునట్లు, బరువునకు పద్దు వ్రాసికొందును. కఱ్ఱపనికి 900 గ్రాములు; తొడుగునకు రంగునకు 250; మోటారు, దాని యదుపుపెట్టె, ప్రొపెల్లరు ఈ మూడింటికి 350; బ్యాటరీకి 400; రేడియో సామగ్రికి 200; కాళ్లకు చక్రములకు 250; జిగురు, తీగలు, మరమేకులకు 150. వెరసి 2,500. బల్లమీద చిన్న తూకపుయంత్ర ముండును. ముగిసిన ప్రతి భాగమును తూచి పద్దులో వ్రాయుదును. ఒకచోట పది గ్రాములు మించినచో వేఱొకచోట పది గ్రాములు తగ్గింపవలసినదే. ఇచ్చట అప్పు పుట్టదు.

ఇక కఱ్ఱ. దీనికి ముఖ్యముగా వాడునది బాల్సా. ఇది దక్షిణ అమెరికా ఖండపు ఉష్ణప్రాంతముల చెట్టు. ఈక్వడారు దేశమునుండి విరివిగా వచ్చుచున్నది. మన బూరుగుచెట్టును ఇదియు ఒకే కుటుంబమునకు చెందినవి. ఘనపుటడుగు నీరు 28 కిలోగ్రాములు తూగును. అంత టేకు సుమారు 18 కిలోలు. అంత బాల్సా మూడుమొదలు అయిదు కిలోలు మాత్రమే. తేలికకఱ్ఱతో పనిచేయుట మనవారికి క్రొత్త కాదు. కృష్ణాతీరమున కొండపల్లి బొమ్మలు చేయువారు తెల్లపొణికి కఱ్ఱనే కోరుట ఎల్లరు నెఱిగినదే. ఆ శిల్పి ఏ ముక్క దేనికి పనికివచ్చునో చేతబట్టి చెప్పగలడు. ఇచ్చటను అంతే. ఒకే కొలతగల రెండు బాల్సా పలకలలో ఒకటి రెండవదానికి ఇబ్బడి తూగవచ్చును. బరువైనది గట్టిగా నుండును గనుక ముందుభాగమునకు, కాళ్లు బిగించుచోటికి ఉంచుకొనవలెను. తేలికైనది తోకకు, రెక్కకొనలకు వాడవలెను. వంగి బలము చూపవలసిన చోట బాల్సా చాలదు. అచ్చట స్ప్రూస్ అను దేవదారుజాతి కఱ్ఱను సన్నని బద్దలుగా కోసి వాడుదురు.

నిర్మాణమునకు మొదట కావలసినది వంకర లేని బల్ల. దానిపై నిజప్రమాణమున గీచిన పటమును పఱచి, జిగు రంటకుండ పలుచని ప్లాస్టిక్ రేకు కప్పి, గుండుసూదులతో కఱ్ఱముక్కలను పటముమీదనే నిలిపి అతుకవలెను. మొండెమునకు రెండు ప్రక్కలుండును. ఒకదానిపై నొకటి పెట్టి రెంటిని ఒక్కసారిగా కట్టినచో వెంట్రుకవాసి భేదము లేకుండ వచ్చును. పిదప మూలమట్టము పెట్టి అడ్డుబద్దలతో కలుపవలెను. రెక్క పక్కటెముకలన్నియు ఒకే రూపముగా నుండుటకు, రెండు పలకలు మాదిరులుగా కోసి, వాని నడుమ పలుచని బాల్సా ముక్కలను పేర్చి బిగించి, అన్నిటిని ఒక్కుమ్మడిగా చెక్కవలెను.

రెక్కకు ప్రాణము దాని దూలము. ఎగురునపుడు రెక్కకొనలు మీదికి వంగజూచును. అపుడు దూలముయొక్క పైబద్ద నొక్కబడును, క్రిందిబద్ద లాగబడును. కావడిబద్ద వంగుట చూచినవారికి ఇది తెలిసినదే. పైన నొకటి, క్రింద నొకటి సన్నని స్ప్రూస్ బద్దలు పెట్టి, నడుమ పలుచని బాల్సాను పోగు నిలువుగా వచ్చునట్లు అతికినచో, బరువు కొంచెము, బలము మెండు. పోగు అడ్డముగా అతికినచో ఆ బలము రాదు. కబ్ రెక్కకు క్రిందినుండి వచ్చు ఊతకఱ్ఱ లున్నవి. నమూనాలోను వానిని అలంకారముగా గాక, నిజముగా భారము మోయునట్లే బిగించుట మంచిది.

కదలు భాగములు మూడు విధములు. రెక్కల వెనుకయంచున కొనలవైపు నుండు పలకలు విమానమును ప్రక్కకు వాల్చును. వీనిని ఏలరాను లందురు. తోకయొద్ద అడ్డముగా నున్న పలక ముక్కును ఎత్తును, దింపును. నిలువుగా నున్నది చుక్కాని. పడవ చుక్కానివలె ముక్కును కుడియెడమలకు త్రిప్పును. ఇవన్నియు తలుపుకు బందులవలె చిన్న బందులపై కదలును. కప్పుటకు మునుపును, కప్పిన తరువాతను ఒక్కొక్క బందును లాగి చూడవలెను. ఆకాశమున ఊడిన బందును బిగించువా డెవ్వడును లేడు.

ఈ పలకలను నేలనుండి కదల్చునది రేడియో. నా కంఠస్వరమును మీ యిండ్లకు చేర్చుచున్న తరంగములును, విమానమునకు ఆనతి నిచ్చు తరంగములును ఒకే జాతివి. కంపనముల సంఖ్యలోనే భేదము. 1898లో నికోలా టెస్లా పండితుడు న్యూయార్కు నగరపు ప్రదర్శనలో తీగ లేకుండ చిన్న పడవను నడిపించి జనులను ఆశ్చర్యపఱచెను. 1937లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రమున వాల్టర్ గుడ్, విలియం గుడ్ అను కవల సోదరులు తమ 'గఫ్' అను నమూనా విమానమును రేడియోతో నడిపిరి. ఆ విమానము నేడు స్మిత్సోనియన్ ప్రదర్శనశాలలో నున్నది. వెనుకటి పద్ధతిలో ఇద్దరు ఒకే తరంగముపై పెట్టెలు తెఱచినచో ఒకరి విమానము రెండవవాని ఆనతివలన చెడిపోవుచుండెడిది. ఇప్పటి సాధనములు సెకనుకు 240 కోట్ల కంపనములుగల తరంగములపై పనిచేయును. ప్రతి విమానము తనకు జతచేసిన పెట్టె మాటనే వినును. విమానములోని గ్రాహకయంత్రము ఆ మాటను సర్వో అను చిన్న మరకు అందించును. అగ్గిపెట్టెయంత యుండు ఈ మరకు సెకనుకు సాధారణముగా 50 మారులు విద్యుత్తు తాకిడి వచ్చును. ఆ తాకిడి సెకనులో వేయింట ఒకటిన్నర వంతు నిలిచినచో మరచేయి నడుమ నుండును. ఒక వంతైనచో ఒకవైపునకు, రెండు వంతులైనచో రెండవవైపునకు తిరుగును. ఆ చేతికి కట్టిన సన్ననితీగ పలకను లాగును. ఆనతి అందకపోయినచో మోటారు తనంతట తా నాగునట్లు ఏర్పాటు చేయుటకు వీలున్నది. ఆ యేర్పాటు చేయని విమానమును నేల విడువనీయరాదు.

ఇపుడు అస్థిపంజరము సిద్ధమైనది. పైతొడుగు మాట చెప్పవలెను. చూచువారు తొడుగును చొక్కావంటిదని తలంతురు. అది చొక్కా కాదు, చర్మము. కప్పని రెక్కను రెండు కొనల పట్టి మెలిపెట్టినచో సులువుగా మెలిపడును. కప్పి బిగించిన పిదప అదే రెక్క మృదంగమువలె బిగిసి, మెలిని ఎదిరించును. గాలి జాఱుటకు నున్నని దారి యిచ్చునదియు ఆ చర్మమే. మేలు చేయగల ఆ బిగువే కీడును చేయగలదు. ఒకవైపు ఎక్కువ బిగించినచో గుడ్డ కఱ్ఱను లాగి రెక్కను మెలిపెట్టి, అట్లే నిలుపును. రెండు రెక్కలు రెండు విధములుగా మెలిపడిన విమానము తిన్నగా ఎగురదు.

పూర్వము పలుచని పట్టుగుడ్డను తడిపి పఱచి, ఆఱిన తరువాత డోప్ అను ద్రావకమును పలుమాఱు పూసి బిగించెడివారు. గంజి పెట్టిన పంచె బిగిసినట్లు అది బిగియును. కాని ఆ ద్రావకము తీవ్రమైన వాసన కలది; నిప్పును ఇట్టే అందుకొనును. నేటికిని దానిని వాడువారు గలరు. నేను వాడునది ఒకప్రక్క జిగురుపూత గల పాలియెస్టరు గుడ్డ. వేడి తగిలినచో అంటుకొనును, ఇంకను వేడి తగిలినచో ముడుచుకొని బిగియును. దీనికి చిన్న ఇస్త్రీపెట్టె చాలును. సాధారణముగా నూఱు డిగ్రీల ప్రాంతమున జిగురు మెత్తబడును, నూటయేబది దగ్గఱ గుడ్డ ముడుచుకొనును. ఒక్కొక్క తయారీ ఒక్కొక్క తీరుగా నుండును గనుక, ముందుగా పనికిరాని కఱ్ఱముక్కపై వేసి చూచుట విధి.

కప్పుటకు మునుపు కఱ్ఱనంతటిని గరుకుకాగితముతో నునుపుచేసి, ధూళి లేకుండ తుడువవలెను. గుడ్డ లోపమును దాచునని కొందఱనుకొందురు. అది దాచదు, చాటును. క్రింద నొక జిగురుచుక్క గడ్డకట్టి యున్నను పైన మొటిమవలె కనబడును. పిమ్మట చిన్న భాగములతో మొదలుపెట్టి చేయి కుదుర్చుకొనవలెను: మొదట చుక్కాని, తోక, తరువాత రెక్క, తుదకు మొండెము. రెక్కకు ముందు క్రిందివైపు, తరువాత పైవైపు. గుడ్డను నాలుగువైపులను రెండంగుళములు మిగులునట్లు కత్తిరించి, నడుమ నొకచోట అంటించి, దాని కెదుటివైపు లాగి అంటించి, మఱల కొనల నట్లే చేయవలెను. మంచమునకు నవారు బిగించువాడు ఒకప్రక్కనే లాగుచు పోడు గదా! అంచులన్నియు అంటిన తరువాతనే నడిమి గుడ్డకు వేడి చూపవలెను. అపుడును ఒకే గడిపై నిలువక, పైనను క్రిందను, కుడినెడమను కొంచెము కొంచెముగా బిగించుచు రావలెను.

అతుకులయందు ఇల్లు కప్పువాని నేర్పు మనకు గురువు. తాటాకు కప్పువాడు వాననీరు లోనికి దూఱకుండ పైవరుసను క్రిందివరుసపైకి దింపును. ఇచ్చట వాన బదులు గాలి ముందునుండి వెనుకకు పోవును. కావున ముందు గుడ్డయంచు వెనుక గుడ్డపైకి రావలెను. అతుకు ఎదురుగా నున్నచో గాలి గోరుపెట్టి లేపినట్లు లేపును; ఆకాశమున లేచిన గుడ్డ నిమిషములో రెక్కను వివస్త్రను చేయును.

ఒక్కొక్క భాగమును బిగించిన వెంటనే, వడ్రంగి ఒక కన్ను మూసి పలకను చూచునట్లు, రెక్కను వెనుకనుండి చూడవలెను. మెలి కనబడినచో సహాయకుడు ఎదురుమెలి పెట్టి పట్టుకొనగా, గుడ్డకు మఱల వేడి చూపి చల్లారనిచ్చినచో సరిపడును. కొనలు మాత్రము రెండువైపులను సమానముగా సుమారు రెండు డిగ్రీలు, వెనుకయంచు మీదికి లేచునట్లు, మెలిపెట్టి యుంచుట హితము. అట్లున్నచో వేగము తగ్గినపుడు కొనలు తుదివఱకు గాలిని పట్టుకొని యుండును. విమానము ఒకవైపునకు చటుక్కున ఒరిగి పడదు.

నిజరూపము కోరువాడు ఇంకొక పని చేయును. పెద్ద విమానమున గుడ్డను పక్కటెముకలకు మైనపుదారముతో కుట్టి, ఆ కుట్లపై అంచులు రంపపుపండ్లవలె నున్న గుడ్డపట్టీ అంటింతురు. నమూనాలో కుట్లకు బదులు సమదూరమున తెల్లజిగురు చుక్కలు పెట్టి, పైన సన్ననిపట్టీ అంటించినచో, ఎండ వాలుగా పడినపుడు నిజమైన కుట్లే యన్న భ్రమ కలుగును. అందము చేతికి దగ్గఱగా నున్నపుడే పద్దు చూచుకొనవలసిన సమయము. మన కబ్ పైతలమంతయు సుమారు ఒకటిన్నర చదరపు మీటరు పైచిలుకు. చదరపు మీటరునకు నూఱు గ్రాముల రంగు అధికముగా పూసినచో నూటయరువది గ్రాములు పెరిగినట్లు. ఆ బరువులో ఎక్కువ పాలు వెనుకభాగమున చేరును.

వెనుక చేరిన బరువు వెనుకనే యూరకుండదు. విమానము సిబ్బితక్కెడ వంటిది. రెక్క ముందంచునుండి, రెక్క వెడల్పులో నాలుగవ వంతు మొదలు పదింట మూడు వంతుల లోపల దాని తూకపుకేంద్ర ముండవలెను. మన నమూనా రెక్క వెడల్పు సుమారు 26.7 సెంటీమీటర్లు, కావున ఆ చోటు ముందంచునకు ఏడు ఎనిమిది సెంటీమీటర్ల వెనుక. కబ్ ముక్కు పొట్టి, తోక పొడవు. తోకలో ఒక గ్రాము పెరిగినచో ముక్కున దానికి పలురెట్లు సీసము వేయవలసివచ్చును. ఒక మైదానమున ఒక యువకుడు తెచ్చిన విమానమును నేను చూచితిని. అద్దమువలె మెఱయుచుండెను, చూచినవారందఱు మెచ్చిరి. తోక బరువును సరిదిద్దుటకు ముక్కున పిడికెడు సీసము నింపియుండెను. అది పరుగెత్తి లేచెను. మొదటి మలుపున వేగము తగ్గినది. ఒక రెక్క వాలి, ముక్కు తిరిగి, చూచువారికి ఇరువది యడుగుల దూరమున నేలను గ్రుద్దెను. ఎవరికిని గాయము కాలేదు. ఆ యిరువది యడుగులు ఎవరి నేర్పును కావు. ఆ యువకుడు చేతులు కట్టుకొని ముక్కలను చూచుచు నిలువబడెను. అతని ఆఱునెలల పని అది.

బ్యాటరీనిగూర్చి పల్లెలలో ప్రత్యేకముగా చెప్పవలెను. నేటి విమానములలో వాడు లిథియం బ్యాటరీ తేలికయు బలవత్తరమునైనది. గ్రుచ్చుకొనినను, ఉబ్బినను, మితిమించి ఛార్జి చేసినను మండును. దానిని పూరిపాకలో గాని, గడ్డివాముల దగ్గఱ గాని ఛార్జి చేయరాదు. రాతిపైగాని ఇటుకలపైగాని పెట్టి, మనిషి దగ్గఱనుండి, దానికై యేర్పడిన యంత్రముతోనే చేయవలెను. ప్రొపెల్లరు మాటయు అంతే. పదమూడంగుళముల ప్రొపెల్లరు నిమిషమునకు 8,000 సార్లు తిరిగినచో దాని కొన గంటకు 500 కిలోమీటర్ల వేగమున పోవును. కంటికి అది పొగవలె కనబడును, వ్రేలికి కత్తియగును. దాని యెదుటగాని ప్రక్కనగాని పిల్లలు నిలువరాదు.

రాజ్యాంగ నిబంధనలును గలవు. భారత ప్రభుత్వము 2021లో చేసిన డ్రోన్ నియమములలో నమూనా విమానములకు వేఱుగా నిర్వచన మున్నది: 25 కిలోగ్రాములకు మించనిది, చదువుకో పరిశోధనకో వినోదమునకో మాత్రమే వాడబడునది, నడపువాని కంటికి కనబడుచుండగనే ఎగురవేయబడునది. దేశమంతటికి ఆకాశపటము గీచి, ఆకుపచ్చ, పసుపు, ఎఱుపు రంగులతో అనుమతి గల తావులను, అనుమతి పొందవలసిన తావులను, నిషిద్ధములను గుఱుతించియున్నారు. యువకుడు ఆ పటము చూచి వచ్చెనా లేదా యని మీ రడుగవచ్చును.

ఎగురవేయు విధానమును నేర్పుట ఈ ప్రసంగమునకు మించినది. కబ్ కు సంబంధించిన ఒక్క గుణమును మాత్రము చెప్పెదను. పొడవైన రెక్కగల ఈ విమానమును ఏలరానులతో మాత్రమే కుడికి వాల్చినచో ముక్కు మొదట ఎడమకు పోజూచును. క్రిందికి దిగిన పలకవైపు గాలి యీడ్పు ఎక్కువగుటయే కారణము. చుక్కానిని కూడ అదేవైపు కలుపవలెను. కావున మొదటిసారి నడపువాని ప్రక్కన ఈ విద్య తెలిసినవా డొకడు నిలిచియుండుట అవశ్యము.

యువకుడు మీ యనుమతికై వచ్చినపుడు విమానపు టందమును మెచ్చుకొనుడు. పిదప కొన్ని ప్రశ్న లడుగుడు. బరు వెంత, పద్దు ఉన్నదా? తూకపుకేంద్ర మెక్కడ, వ్రేళ్లపై నిలిపి చూపగలవా? వెనుకనుండి చూచినచో రెండు రెక్కలు ఒకే తీరుగా నున్నవా? ఆనతి తెగినచో మోటారు ఆగునా, నేలమీదనే చూపుము. విద్యుత్తు తీగెలకు, త్రోవకు, పశువులకు దూరమైన పొల మేది? జనులెల్లరు నీ వెనుకనే నుండునట్లు చూచువా డెవడు? వీనికి తిన్నగా సమాధానము చెప్పినవానికి మీ పొలము నిచ్చుటకు సందేహింప నక్కఱలేదు. తడబడినవానిని గద్దింపకుడు; మఱల బల్లయొద్దకు పంపుడు. తూచుట, సరిచూచుట, ఓపికతో బిగించుట, చెడినదానిని విప్పి మఱల చేయుట అను గుణములు ఆ బల్లయొద్దనే అలవడును. ఆ గుణములు కలిగిన చేయి విమానమునకే గాక మీ ఊరి పంపుమరకును, మీ యింటి పైకప్పునకును పనికివచ్చును.